ఇరుకు వీధిలో షూటింగు: అనుమతి ఎవరిని అడగాలి, బండ్లు ఎక్కడ నిలపాలి?

తొలి_అడుగు:

నమస్కారం. ఒక చిన్న చిత్రానికి ప్రొడక్షన్ మేనేజరుగా మొదటిసారి పూర్తి బాధ్యత తీసుకున్నాను. ఇంతకు ముందు మూడు చిత్రాలకు సహాయకుడిగా పని చేశాను గానీ, అప్పుడు అనుమతుల వ్యవహారమంతా మా పెద్దలే చూసుకునేవారు. ఆ కాగితాలను ఫైలులో పెట్టి లొకేషనుకు మోసుకెళ్లడమే తప్ప, ఏ కాగితం ఏ కార్యాలయం ఇచ్చిందో, ఎందుకు ఇచ్చిందో నేను తెలుసుకున్నది చాలా తక్కువ.

మాది హైదరాబాదులో ఆరు రోజుల పని. నాలుగు పగళ్లు, ఒక రాత్రి కార్ఖానా ప్రాంతంలోని ఒక పాత పెంకుటింట్లో జరుగుతాయి. ఐదో రోజు తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కథానాయిక పూలు కొనే సన్నివేశం ఉంది. ఆ వేళకు జనం ఉండరు గనుక సులువుగా ముగుస్తుందని అనుకుంటున్నాము. ఆరో రోజు గోల్కొండ కోట ముందు ఒక సంభాషణ, దానికి ముందు కోటను పైనుంచి చూపే డ్రోన్ దృశ్యం ఒకటి దర్శకులు కోరుతున్నారు. ఆషాఢంలో ఆర్టిస్టుల డేట్లు దొరికాయి కాబట్టి ఆ నెలలోనే చేయాలి.

యూనిట్‌లో డెబ్బై మంది దాకా ఉంటాము. వాహనాలు 14: జనరేటర్ వ్యాను, లైట్లు తెచ్చే ఔట్‌డోర్ యూనిట్ వ్యాను, కెమెరా బండి, రెండు క్యారవాన్లు (నటులు బట్టలు మార్చుకుని విశ్రాంతి తీసుకునే బండ్లు), కాస్ట్యూమ్ వ్యాను, ఆర్ట్ విభాగం సామాను తెచ్చే డీసీఎం (మధ్యరకం లారీ), భోజనాల వ్యాను, జూనియర్ ఆర్టిస్టుల మినీ బస్సు, ఐదు కార్లు. పెంకుటిల్లు ఉన్న వీధి వెడల్పు 18 అడుగులు, అటు చివర దారి మూసుకుపోయింది.

నన్ను కలవరపెడుతున్న విషయం ఒకటి చెప్పాలి. గత సంవత్సరం నేను సహాయకుడిగా ఉన్న ఒక షూటింగులో ఇలాంటి వీధిలోనే మా క్యారవాను, జనరేటరు ఎదురెదురుగా ఇరుక్కుపోయాయి. సరిగ్గా అప్పుడే ఆ వీధిలోని ఒక పెద్దాయనను డయాలసిస్‌కు తీసుకెళ్లవలసి వచ్చింది. కారు బయటికి రాలేక, ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్లారు. పోలీసు అనుమతి పత్రం నా చేతిలోనే ఉంది. ఆ పత్రం ఆయనకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు. అలాంటిది మళ్లీ జరగకూడదని నా పట్టుదల.

రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థకు ఒక్క దరఖాస్తు పెడితే మూడు చోట్లకూ సరిపోతుందా? 14 వాహనాలను ఆ వీధిలో ఏ వరుసలో నిలపాలి? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

పాత_కాల్‌షీట్:

మీరు పార్కింగును రెండో ప్రశ్నగా అడిగారు. నా ఇరవై ఏళ్ల అనుభవంలో అదే మొదటి ప్రశ్న. బండ్లు నిలిపే చోటు తేలకుండా ఒక లొకేషను ఖరారైందని నేను ఏ దర్శకుడికీ మాట ఇవ్వను. ఎందుకంటే అనుమతి దరఖాస్తులో ఏ అధికారి అయినా ముందుగా చూసేది కథను కాదు. ఎన్ని వాహనాలు వస్తాయి, ఎక్కడ నిలుస్తాయి, ఎన్నింటికి వెళ్లిపోతాయి అన్న మూడు వివరాలనే. వాటికి స్పష్టమైన జవాబు, చేత్తో గీసిన పటం జతపరిస్తే సగం పని అక్కడే పూర్తవుతుంది.

ఇక అనుమతుల విషయం. చలనచిత్ర అభివృద్ధి సంస్థ ద్వారా ఏక గవాక్ష పద్ధతిలో (అన్ని శాఖలకూ ఒకే చోట) దరఖాస్తు పెట్టడం మంచిదే, పెట్టండి. అయితే దాని చెయ్యి రాష్ట్ర ప్రభుత్వ శాఖల దాకానే అందుతుంది. మీరు ఎంచుకున్న మూడు చోట్లలో రెండు కేంద్ర ప్రభుత్వంతో ముడిపడినవి. కార్ఖానా ప్రాంతం సికింద్రాబాద్ కంటోన్మెంటు బోర్డు కింద ఉంటుంది, అది రక్షణ మంత్రిత్వ శాఖకు చెందిన వ్యవస్థ. నగరపాలక సంస్థ ఇచ్చిన కాగితం చూపించి అక్కడి రోడ్డు మీద జనరేటరు నిలపడం కుదరదు. మీ ఇంటి విషయంలో సందేహం ఉంటే ఇంటి యజమానిని ఆస్తి పన్ను రసీదు చూపించమని అడగండి. ఆ పన్ను ఏ సంస్థకు కడుతున్నారో, ఆ వీధి కూడా ఆ సంస్థదే. ఇంకొక జాగ్రత్త: కంటోన్మెంట్లలోని పాత బంగళాలలో కొన్నింటి స్థలం ప్రభుత్వానిదే; కట్టడం మీద హక్కు మాత్రమే అందులో ఉన్నవారికి ఉంటుంది. మీతో మాట్లాడుతున్నవారు యజమానా, అద్దెకు ఉన్నవారా, హక్కుదారులలో ఒకరా అన్నది ఒప్పందం రాసుకునే ముందే తేల్చుకోండి. నాలుగు రోజుల షూటింగులో రెండో రోజున అన్నదమ్ములలో ఒకరు వచ్చి నాకు తెలియకుండా ఎలా ఇచ్చారని నిలదీస్తే మీ దగ్గర జవాబు ఉండాలి. సమీపంలో సైనిక స్థలాలు ఉంటే, వాటి గోడలూ గేట్లూ ఫ్రేములోకి రాకుండా కెమెరా దిశను రెక్కీ (లొకేషనును ముందుగా వెళ్లి చూసుకోవడం) నాడే నిర్ణయించుకోవాలి.

గోల్కొండ కోట భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉంది. 1959 నాటి పురాతన కట్టడాల నిబంధనలలోని తొమ్మిదవ నమూనాలో దరఖాస్తు పెట్టాలి. సన్నివేశం సారాంశం, పరికరాల జాబితా, సిబ్బంది సంఖ్య అన్నీ అందులో ఇవ్వాలి. వారాలలో వచ్చే అనుమతిగా దానిని లెక్క వేయకండి, నెలల ముందే మొదలు పెట్టండి. కోట బయటే కదా అనుకోవడానికీ వీలులేదు, దర్వాజాలూ ప్రాకారమూ కోటలో భాగాలే. కోటకు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు మాత్రం రాష్ట్ర వారసత్వ శాఖ కిందివి. మీ సంభాషణకు పాత రాతి కట్టడం నేపథ్యంగా ఉంటే చాలునని దర్శకులు ఒప్పుకునేటట్లయితే, అక్కడి అనుమతికి నడవవలసిన దారి వేరు. ఆ మాట దర్శకులతో ఇప్పుడే మాట్లాడండి.

డ్రోన్ గురించి నా సలహా సూటిగా చెబుతున్నాను: ఆ దృశ్యాన్ని వదులుకోండి. గోల్కొండకు ఆనుకునే సైన్యానికి చెందిన ఆర్టిలరీ సెంటర్ ఉంది. 2021 డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఎరుపు మండలంలో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కూడా ఎత్తుకు పరిమితులు ఉన్నాయి, మన నగరం నడిబొడ్డున బేగంపేట విమానాశ్రయం ఉందన్నది మరచిపోకూడదు. డ్రోన్ అద్దెకు ఇచ్చేవారు ఏమీ కాదు సార్ అంటారు. ఏమైనా అయితే కేసు నమోదయ్యేది నిర్మాత పేరు మీద. కోట పైభాగం కనిపించే ఒక మేడను వెతికి, యజమాని అనుమతితో అక్కడినుంచి లాంగ్ లెన్సుతో తీసుకోవడం మేలు.

ఇక మార్కెట్. తెల్లవారుజామున జనం ఉండరని రాశారు. గుడిమల్కాపూర్‌లో అసలు వ్యాపారం జరిగేదే ఆ వేళ. రైతులు పూలు తెచ్చేది, టోకు బేరాలు సాగేది, గుడుల వారూ అంగళ్ల వారూ కొని తీసుకుపోయేది అప్పుడే. ఆటోలు, ట్రాలీలు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. అది వ్యవసాయ మార్కెట్ కమిటీ యార్డు గనుక లోపల చిత్రీకరణకు కమిటీ కార్యదర్శిని కలవాలి. బయటి రోడ్డుకు ట్రాఫిక్ పోలీసులనూ శాంతిభద్రతల పోలీసులనూ వేర్వేరుగా అడగాలి. మీకు నిజమైన సందడి కావాలంటే పెద్ద యూనిట్‌ను మరచిపోయి, ఒక కెమెరా, ఇద్దరు సహాయకులు, నటి, పదిహేను మందికి మించని బృందంతో వెళ్లండి. జనరేటరు వద్దు, బ్యాటరీ లైట్లతో సరిపెట్టుకోండి. కథానాయిక పూలు కొనే అంగడి యజమానికి ఆ పూట అమ్మకం ఎంతో ముందే అడిగి, అంత మొత్తం చెల్లించండి. పూలు మధ్యాహ్నానికి వాడిపోతాయి. పొద్దుటి రెండు గంటలు పోతే ఆయనకు రోజంతా పోయినట్లే. డ్రైవర్లకు చిరునామా చెప్పేటప్పుడు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరుతో చెప్పండి, ఆ రోడ్డులో అంతకంటే స్పష్టమైన గుర్తు లేదు.

మీరు ఆషాఢం అన్నారు కాబట్టి ఒక లాభం, ఒక నష్టం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. కార్ఖానా వీధికి దగ్గరలో ఒక హాలును నాలుగు రోజులకు మాట్లాడుకోండి. క్యారవాన్లు, కాస్ట్యూమ్ వ్యాను, భోజనాల వ్యాను, మినీ బస్సు, కార్లు అన్నీ అక్కడే ఉంటాయి. మేకప్, భోజనాలు, మరుగుదొడ్లు కూడా అక్కడే. వీధిలోకి జనరేటరు, లైట్ల వ్యాను, కెమెరా బండి మాత్రమే రావాలి. వాటిలో కూడా లైట్ల వ్యాను సామాను దింపి వెనక్కి వెళ్లిపోవాలి. ఆర్ట్ విభాగం డీసీఎం ముందు రోజు రాత్రే వచ్చి దింపి పోవాలి. హాలుకూ ఇంటికీ మధ్య తిరగడానికి రెండు చిన్న కార్లు చాలు. నష్టం ఏమిటంటే, ఆషాఢ బోనాలు మొదలయ్యేదే గోల్కొండలో. జగదాంబిక అమ్మవారికి ఆ నెలంతా గురువారాలు, ఆదివారాలు పూజలు జరుగుతాయి, కోట దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆ గురువారాలలో, ఆదివారాలలో అక్కడ షూటింగు పెట్టుకోవద్దు. తరువాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల నాడు మీ కార్ఖానా వైపు నుంచి స్టేషను వైపు వెళ్లే ప్రయాణం కూడా కష్టమే.

జెన్‌సెట్_సారథి:

నేను జనరేటర్ వ్యాను నడిపేవాడిని. పై మిత్రులు చెప్పినదానిలో నా బండికి సంబంధించినంత వరకు కొన్ని విషయాలు చేర్చాలనిపించింది, ఎందుకంటే రెక్కీకి మమ్మల్ని ఎవరూ తీసుకెళ్లరు. కెమెరామన్ వెలుతురు చూస్తారు, దర్శకులు ఇల్లు చూస్తారు, మేనేజరు అద్దె మాట్లాడతారు. బండి వీధి మలుపు తిరుగుతుందా లేదా అన్నది షూటింగు రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు నేను మొదటిసారి చూస్తాను. దయచేసి ఒక్క డ్రైవరునైనా రెక్కీకి వెంట తీసుకెళ్లండి, ఆ పూట బేటా (రోజు భత్యం) ఇవ్వండి.

18 అడుగులు అన్నారు. గోడకూ గోడకూ మధ్య 18 అడుగులా, లేక మెట్లు, కరెంటు స్తంభాలు, నిలిపి ఉన్న ద్విచక్ర వాహనాలు పోగా మిగిలేది 18 అడుగులా? టేపు పెట్టి కొలవండి. తల పైకి కూడా చూడండి. మన వీధుల్లో ఇంటర్నెట్ కేబుళ్లు, టీవీ కేబుళ్లు వంగి వేలాడుతుంటాయి, వాటి మధ్యలోనే కరెంటు తీగ కూడా ఉంటుంది. కర్రతో కేబులు పైకెత్తి బండి పోనివ్వడం అందరికీ అలవాటైపోయింది. అది ప్రాణం మీదికి తెచ్చే అలవాటు. ఎత్తు చాలకపోతే ఆ బండి ఆ వీధిలోకి రాకూడదు.

దారి మూసుకుపోయిన వీధి కాబట్టి జనరేటరును లోపలి చివరకు తీసుకెళ్లకండి. వీధి మొదట్లోనే, ముఖం బయటికి ఉండేటట్టు నిలిపి, కేబులు లోపలికి లాగుదాం. దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది, దానికి తగిన మందం కేబులు తెమ్మని యూనిట్‌కు ముందే చెప్పాలి. సౌండు రికార్డు చేస్తున్నట్లయితే ఆ దూరం మీకే మేలు. కేబులు వీధిని అడ్డంగా దాటే చోట దాని మీద ర్యాంపు వేయాలి, లేకపోతే స్కూటర్ల మీద వచ్చే పెద్దవాళ్లు పడిపోతారు. పొగ గొట్టం ఎవరి కిటికీ వైపూ ఉండకూడదు. ఆషాఢమంటే వాన, కేబుళ్ల జాయింట్లు నేలమీద నీళ్లలో ఉండకుండా ఎత్తు మీద పెట్టాలి, ఎర్తింగ్ రాడ్డు లేకుండా లైటు వేయమని నన్ను ఎవరు తొందరపెట్టినా నేను వేయను.

రాత్రి సన్నివేశంలో వాన ఎఫెక్టు ఉన్నదా అన్నది మీరు రాయలేదు. ఉంటే నీళ్ల ట్యాంకరు మీ 14 వాహనాల లెక్కలో లేదు. అది నిండుగా వచ్చి ఖాళీగా వెనక్కి పోయి మళ్లీ రావాలి, మూసుకుపోయిన వీధిలో ప్రతిసారీ వెనక్కి నడపాలి. ట్యాంకరును పెద్ద రోడ్డు పక్కన నిలిపి పైపు లాగడం మంచిది.

మూడో_వీధి_నివాసి:

నాకు సినిమా రంగంతో పని లేదు. మా వీధిలో పాత ఇళ్లు ఉండడం వల్ల ఏడాదికి రెండు మూడు షూటింగులు జరుగుతాయి. ఈ చర్చ చదివి ఇక్కడి ఇంటివారి వైపు నుంచి నాలుగు మాటలు రాస్తున్నాను.

మేము షూటింగుకు వ్యతిరేకులం కాదు. మా పిల్లలు మేడ మీదికి ఎక్కి సంతోషంగా చూస్తారు. మాకు కావలసినది ముందుగా ఒక మాట. రెండు రోజుల ముందు ఇంటింటికీ ఒక కాగితం రావాలి: ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, వీధిలో ఏ బండ్లు నిలుస్తాయి, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి. ఆ ఫోను తీసే మనిషి సెట్లో నిశ్శబ్దం అన్నప్పుడు కూడా తీయాలి. లాస్ ఏంజిలెస్‌లో ఉండే మా అమ్మాయి చెప్పింది, అక్కడ చుట్టుపక్కల ఇళ్లకు ముందుగా నోటీసు పంచడం అనుమతి ప్రక్రియలోనే భాగమట. ఇక్కడ ఎవరూ బలవంతం చేయకపోయినా మీరు ఆ పని చేయవచ్చు.

కాగితం పంచేటప్పుడు ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న అడగండి: మీ ఇంట్లో ఆసుపత్రికి వెళ్లవలసినవారు, పురిటికి సిద్ధంగా ఉన్నవారు, పరీక్షలు రాసే పిల్లలు ఎవరైనా ఉన్నారా? మీరు రాసిన పెద్దాయన వివరం ముందే తెలిసి ఉంటే ఆ క్యారవాను ఆ గంటలో ఆ చోట ఉండేది కాదు. స్కూలు వ్యాను, చెత్త బండి, పాల బండి ఎప్పుడు వస్తాయో వీధి మొదట్లోని కిరాణా అంగడి ఆయనకు బాగా తెలుస్తుంది, ఆయనను అడిగి రాసుకోండి. రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అసిస్టెంట్ డైరెక్టర్లు వాకీటాకీలతో పని నడుపుకోవాలి. వెళ్లేటప్పుడు టీ కప్పులు, విస్తళ్లు మా గుమ్మాల ముందు వదిలిపెట్టకండి. మా వీధిలో షూటింగు జరిగిన మరుసటి ఉదయం చీపురు పట్టుకునేది మా ఇంటి ఆడవాళ్లే.

తొలి_అడుగు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంటి పన్ను రసీదు చూశాను, కంటోన్మెంటు బోర్డుదే. ఇల్లు ముగ్గురు అక్కచెల్లెళ్ల ఉమ్మడిదని కూడా ఇప్పుడే తెలిసింది. మేము ఇంతవరకు మాట్లాడింది ఒక్కరితోనే. డ్రోన్ దృశ్యం మానుకోవడానికి దర్శకులు ఒప్పుకున్నారు. కోట సన్నివేశాన్ని సమాధుల దగ్గరికి మార్చడం గురించి ఆలోచిస్తున్నారు. వీధిని టేపుతో కొలిచాము: గోడల మధ్య 18 అడుగులే గానీ, ఒకచోట మెట్లు ముందుకు రావడం వల్ల 13 అడుగులే మిగులుతోంది. వాన ఎఫెక్టు ఉంది, ట్యాంకరు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంకొక సందేహం. ఫంక్షన్ హాలు కిలోమీటరున్నర దూరంలో దొరికింది. పేరున్న నటులొకరు క్యారవాను ఇంటి ముందే ఉండాలని కోరుతున్నారు. ఆయనకు ఎలా చెప్పాలి?

పాత_కాల్‌షీట్:

ఆయనకు షూటింగు రోజున చెప్పవద్దు, డేట్లు ఖరారు చేసేటప్పుడే చెప్పండి. 13 అడుగుల చోటు ఫోటో తీసి ఆయన మేనేజరుకు పంపండి. క్యారవాను అక్కడ నిలిస్తే దాని వెనుక ఉన్న ఇళ్లవారు లోపలే ఉండిపోతారన్నది ఆ ఫోటో చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నటులు కోరేది నిజానికి బండిని కాదు. బట్టలు మార్చుకోవడానికి చాటు, చల్లని గది, శుభ్రమైన బాత్రూము. ఆ పెంకుటింటి పక్కన గానీ ఎదురుగా గానీ ఒక ఇంట్లో బాత్రూము ఉన్న గది నాలుగు రోజులకు అద్దెకు అడగండి. ఒక ఏసీ, అద్దం, పడక కుర్చీ పెట్టించండి. నేను పని చేసిన పెద్ద నటులలో ఎక్కువమంది దీనికి సంతోషంగా ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వారి కోసం లొకేషనే మార్చవలసి వచ్చింది. మార్చడం ఆ వీధి వారిని బంధించడం కంటే నయమనే ఇప్పటికీ నా అభిప్రాయం.

మిగిలిన ఇద్దరు అక్కచెల్లెళ్లను మీరే స్వయంగా వెళ్లి కలవండి, ఫోనులో మాట్లాడి ఊరుకోవద్దు. ముగ్గురి సంతకాలూ ఒకే ఒప్పందం మీద ఉండాలి. ఎన్ని రోజులు, ఏ గదులు, గోడకు మేకు కొట్టవచ్చునా, పెంకుల మీదికి మనుషులు ఎక్కవచ్చునా అన్నవన్నీ రాయండి. వానాకాలంలో లైట్‌మెన్ పైకి ఎక్కితే పెంకులు పగులుతాయి. షూటింగుకు ముందు ప్రతి గదినీ ఫోటోలు తీసి వారికి ఒక ప్రతి ఇవ్వండి.

ప్యాకప్ (పని ముగించి సర్దుకునే) క్రమం కూడా కాల్‌షీటులోనే, అంటే యూనిట్‌కు పంచే ఆ రోజు పని పట్టికలోనే, రాసి పెట్టండి. ముందు నటుల కార్లు, తరువాత కెమెరా బండి. లైట్ల వ్యానును హాలు నుంచి ఆ తరువాతే పిలవండి. చివరి లైటు వ్యానులోకి ఎక్కేదాకా జనరేటరు నడుస్తూనే ఉండాలి, కాబట్టి అది అన్నింటికంటే చివర కదులుతుంది. వీధి మొదట్లో ఒక మనిషిని రోజంతా నిలబెట్టండి. అతనికి వేరే పని చెప్పవద్దు, టీ తెమ్మని కూడా పంపవద్దు. అతని దగ్గర వాకీటాకీ, ప్రతి డ్రైవరు ఫోను నంబరు, ఆసుపత్రి అవసరం ఉన్న ఇళ్ల జాబితా ఉండాలి. కారు హారను వినబడగానే కెమెరా నడుస్తున్నా సరే దారి ఇప్పించే అధికారం అతనికి ఉందని మొదటి రోజు ఉదయం యూనిట్ అందరి ముందూ దర్శకుల చేత చెప్పించండి.